సర్కారు పొదిగిన గుడ్లు

బేరం మధ్యలో వచ్చి నిలబడ్డవాడికి అంతవరకు ఏం జరిగిందో చెప్పడం మా రేవు బజారులో మర్యాద. అందుకని ముందు ఆ నాలుగు మాటలు.

మా మేనత్త అనేజా బుద్ధెరిగాక మొన్నటిదాకా ఈ దీవి దాటి ఎరగదు. కొండమీద ఆవిడ ఉండే పైవూళ్లో పట్టుపురుగులకు తెగులు తగిలి, ఏళ్ల తరబడి పట్టుగూళ్లు చేతికి రాకపోయేసరికి, అక్కడి ఆడవాళ్లు చెవిపోగులూ వెండి నడికట్లూ అమ్మి ఆ డబ్బు ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ స్టీమరెక్కి సముద్రం అవతలున్న ప్రూసా పట్నం వెళ్లి, తెగులు లేదని పరీక్ష చేసి తేల్చిన గుడ్లు కొంది. గుడ్డసంచిలో పోసి, తాడుతో మెడలో కట్టుకుని, ఒంటి వేడి తగిలేలా గుండెల మీద దాచి తెచ్చింది. పట్టుగుడ్లు పొదగడానికి మా దీవి ఆడవాళ్లకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

నిన్న ఆవిడ రేవులో దిగింది. సుంకం కచేరీకి కొత్తగా వచ్చిన అధికారి క్లెయాంతిస్ సరుకు ధరెంత అని అడిగాడు. గుడ్ల ధర మా ఆడవాళ్లు పైకి చెప్పరు. మెచ్చుకోరు, లెక్కపెట్టరు. దిష్టి తగులుతుందని భయం. "రెండు ద్రాఖ్మాల మట్టి నాయనా," అని తూతూమంటూ ఉమ్మింది అత్త. సుంకం ధరను బట్టి ఉంటుంది కనుక, ధర దాచేవాళ్ల కోసం సర్కారు ఒక కత్తి పెట్టుకుంది. చెప్పిన ధరకు పదో వంతు కలిపి చేతిలో పెట్టి, ఆ సరుకు తనే కొనేసుకోవచ్చు. క్లెయాంతిస్ ఆ కత్తి దూశాడు. రెండు ద్రాఖ్మాలూ పైన చిల్లరా ఆవిడ అరచేతిలో పోసి, మెడలో సంచి తీయించుకున్నాడు.

ఇక ఈ ఉదయం సంగతి.

అత్త నల్లబట్టల్లో ముందు నడుస్తోంది, నేను వెనక. నా తల్లి పోయినప్పుడు నన్ను పెంచింది ఈవిడే. వ్యాపారిని కదా, మనుషుల్ని కూడా సరుకును చూసినట్టే చూస్తాను. దారిలో ఎంత తడుస్తుంది, ఎంత తరుగు పోతుంది, చివరికి ఎంత మిగులుతుంది అని. నాకు తెలిసిన మనుషుల్లో తరుగు లేనిది ఈవిడొక్కతే. రాత్రంతా మా ఇంట్లో కూర్చునే ఉంది. ఏడవలేదు. ఖాళీ గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "చల్లబడతాయిరా జాన్నీ, ఆ రాతిగోడల మధ్య చచ్చిపోతాయి," అని మాత్రం అంటూ వచ్చింది. పొదుగుడు మొదలయ్యాక గుడ్లకు చలి తగిలితే వాటిలోంచి పురుగు ఇక లేవదు. ఈ ఏడు పోతే పైవూళ్లో మల్బరీ చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టుకుంటామని ఆడవాళ్లు అప్పుడే అంటున్నారు.

కచేరీ ఒకటే గది. సముద్రం వైపు తలుపు, తలుపు ముందు గట్టు, గట్టు చుట్టూ ఇనుపగొలుసు. ఆ గొలుసు లోపల ఉన్నంతవరకు సరుకు సర్కారు కళ్లముందు ఉన్నట్టు. ముద్ర పడకుండా గొలుసు దాటిందంటే అది దొంగసరుకు. నా తలనెరిసిన వ్యాపారంలో ధరలు తగ్గించి చెప్పాను, తూకంతో వాదించాను, కానీ ఆ గొలుసు మీదుగా కాఫీగింజ కూడా దొంగతనంగా దాటించలేదు. పట్టుబడితే పడే జరిమానాకి, మిగిలే లాభానికి పొత్తు కుదరదు.

క్లెయాంతిస్ బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు దాటని మనిషి, కలమాటా వైపు వాడు. ఏప్రిల్ ఎండ గదిలోకి పడుతున్నా కోటు బొత్తాలు గొంతు దాకా పెట్టుకున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. వీపు కర్రలా నిటారుగా ఉంచి తల మాత్రం ఊపాడు. పొగరు అనుకున్నాను.

"రండి వాల్మాస్ గారూ. మీరు వస్తారని తెలుసు."

"రాకేం చేస్తాను? మీ దెబ్బకి మా అత్త రాత్రి అన్నం ముట్టలేదు."

"నేనూ ముట్టలేదు," అన్నాడు.

అత్త బల్ల దగ్గరికి జరిగింది. "ఒరే అబ్బాయ్, ఒక మాట అడుగుతాను. మీ రాజుకి పట్టుగుడ్లతో ఏం పని? తను పొదుగుతాడా, రాణి చేత పొదిగిస్తాడా?"

"రాజుగారికి గుడ్లు అక్కర్లేదు మామ్మగారూ. డబ్బు కావాలి. తెచ్చిన అప్పులకి వడ్డీ కట్టాలి, ఓడలు కొనాలి, మీ ఊరి బడిపంతులమ్మకి జీతం ఇవ్వాలి. అదంతా ఇలాంటి తలుపుల్లోంచే వెళ్లాలి."

"మా ఊరికొచ్చి అడగొచ్చుగా, మగాడిలా?"

"అడిగారుగా. పన్ను కోసం చెట్లు లెక్కపెట్టడానికి వచ్చిన గుమాస్తాని మీవాళ్లు గాడిద మీద తోకవైపు తిప్పి కూర్చోబెట్టి పంపారట."

"ఆ గాడిద మాదే," అంది అత్త గర్వంగా. "తర్వాత రెండు రోజులు మేత ముట్టలేదు పాపం, సిగ్గుతో."

క్లెయాంతిస్ పెదవి కదిలింది కాని నవ్వు పూర్తిగా బయటికి రాలేదు. ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తున్నాడు.

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కొండమీద ఇల్లిల్లూ తిరిగి పన్ను అడిగితే రాళ్లు పడతాయి. సముద్రం మీద వచ్చే సరుకుకి మాత్రం ఒకటే గుమ్మం. అక్కడ ఒక బల్ల, ఒక గొలుసు, జీతానికి ఒక మనిషి ఉంటే చాలు. సుంకం నేను కడతాను, దాన్ని చక్కెరలో కలుపుతాను, చక్కెర మీరు కాఫీలో కలుపుతారు. మీ గిన్నెలో మూడో గుటక సర్కారు తాగుతుంది. అయినా మీరు సర్కారుని తిట్టరు, జాన్నీస్ వాల్మాస్ ధర పెంచాడని నన్ను తిడతారు. ఇంత చవకలో దొరికే తిట్లను నా మీద పోసి తాను తప్పుకున్న సర్కారు తెలివికి వ్యాపారిగా నేను టోపీ తీస్తాను.

"సరే, బేరానికి వద్దాం," అన్నాను. "ఎంతకిస్తారు?"

"ఇవ్వలేను. సర్కారు కొన్న సరుకు సీరా రేవులో వేలం వెయ్యాలి. మధ్యాహ్నం స్టీమరు వస్తుంది. దాంట్లో పంపమని ఆజ్ఞ."

"సీరా చేరేసరికి ఏం మిగులుతుంది? గుడ్లు చస్తే మీ సర్కారుకి వచ్చేదేమిటి? మీరిచ్చిన రెండు ద్రాఖ్మాలు కూడా రావు. నాకు అర్థం కాని వ్యాపారం ఇదొక్కటే చూస్తున్నాను."

అత్త నా మాటలు వినడం లేదు. గది మూలలు చూస్తోంది. మూటలు, పీపాలు, చెమ్మ ఊరిన రాతిగోడ.

"ఎక్కడ పెట్టావురా వాటిని?"

"భద్రంగా ఉన్నాయి మామ్మగారూ. సర్కారు కాపలాలో."

"ఎక్కడ అని అడిగాను."

అత్త బల్ల చుట్టూ తిరిగి వెళ్లింది. కచేరీ అధికారి బల్ల వెనక్కి ఈ దీవిలో ఎవరూ వెళ్లరు. ఆవిడ అతని ముందు నిలబడి, చూడి ఆవును చూసినట్టు పైనుంచి కిందికి చూసింది. బిగించిన బొత్తాలు, వంగని నడుము, పొదుపు ఊపిరి.

"విప్పు," అంది.

"మామ్మగారూ, ఇది సర్కారు కచేరీ..."

"విప్పు నాయనా. నీ వయసుకి రెట్టింపు దాటింది నా వయసు. సిగ్గు దేనికి?"

క్లెయాంతిస్ నావైపు చూశాడు. నేను మర్యాదగా కిటికీవైపు చూశాను, అద్దంలో అంతా కనబడుతుంది కనుక. అతను మెల్లిగా బొత్తాలు విప్పాడు. కోటు లోపల చొక్కా, చొక్కా లోపల ఉన్నిబనీను. బాప్టిజం సిలువ పక్కన, అత్త కట్టిన ముడితోనే, గుడ్డసంచి.

అత్త చేత్తో నోరు మూసుకుంది.

"నిన్నటినుంచా?" అంది.

"మీరు మెట్లు దిగినప్పటినుంచి." అతని చెవులు ఎర్రబడ్డాయి. "రాత్రి కుర్చీలోనే కూర్చున్నాను. పడుకుంటే నలుగుతాయని."

"ఈ పని నీకెవరు నేర్పారు?"

"మా అమ్మ." సంచి మీద చెయ్యి ఆనించాడు. "కలమాటాలో ఏటా ఈ రోజుల్లో ఇంత సంచి మెడలో వేసుకునేది. ఆ రెండు వారాలు మమ్మల్ని దగ్గరికి తీసుకునేది కాదు. పరిగెత్తుకుంటూ వెళ్తే చెయ్యి అడ్డం పెట్టేది. నాకు ఆ గుడ్లంటే ఎంత కోపమో చెప్పలేను. పురుగులు లేచిన రోజు సంచి విప్పి జల్లెడలో పోసి, మొట్టమొదట మమ్మల్ని కౌగిలించుకునేది. మల్బరీ ఆకు వాసన వస్తే నాకిప్పటికీ..."

"ఆవిడ ఉందా?"

"లేదు."

విప్పిన బొత్తాల్లో కింది రెండూ అత్తే మళ్లీ పెట్టింది, గాలి తగలకుండా.

నాకు ఒళ్లు మండింది. జాలిపడాల్సి వచ్చినప్పుడు నాకు ముందు ఒళ్లు మండుతుంది. "ఇంత తెలిసినవాడివి, నిన్న ఆవిడ దగ్గర ఎందుకు లాక్కున్నావయ్యా?"

"మీ వల్ల," అన్నాడు.

"నా వల్లా?"

"కాగితం మీద వాల్మాస్ అని ఉంది. ధర రెండు ద్రాఖ్మాలు. ఈ రేవులో మీ ఇంటిపేరూ తక్కువ ధరా ఒకే వరసలో కనబడితే ఎవరైనా ఏమనుకుంటారు? పోయిన నెల మీ జమైకా కాఫీని 'తడిసిన గింజ' అని రాయించారు. అది తాగి మా గుమాస్తా ఇప్పటికీ పొగుడుతున్నాడు. వాల్మాస్ ఈసారి ముసలావిడని అడ్డం పెట్టుకున్నాడు అనుకున్నాను. సంతకం పెట్టాను. ఆ తర్వాత సంచి చేతికి వచ్చింది." అరచెయ్యి చూపించాడు. "వెచ్చగా ఉంది. అప్పుడు తెలిసింది అది ఏమిటో, ఆవిడ ఎందుకలా ఉమ్మిందో. అప్పటికి సిరా ఆరిపోయింది."

ఇది నా ఖాతాలో పడాల్సిన ఖర్చేనని నాకు అనిపించింది.

"సిరా ఆరితే మాత్రం, దారి లేదా?" అన్నాను.

"ఒకటుంది. రాత్రంతా దానికోసమే నిబంధనలు తిరగేశాను. స్టీమరు కూత వేసేలోపు, సరుకు తెచ్చినవాళ్లే వచ్చి, పొరపాటున తక్కువ చెప్పామని ఒప్పుకుని అసలు ధర చెప్పాలి. దాని మీద సుంకం, సుంకానికి రెట్టింపు జరిమానా. కొనుగోలు రద్దు చేస్తాను. సంచి మామ్మగారిది."

నేను గోడగడియారం చూశాను. ఇంకా సమయముంది. జేబులో చెయ్యి పెట్టాను. "సుంకం నాది, జరిమానా నాది. అత్తా, ధర చెప్పు."

అత్త కిటికీవైపు తిరిగింది.

"అత్తా!"

"చెప్పను."

"ఏమిటీ?"

"పొదిగే గుడ్ల మీద ధర పలుకుతారట్రా ఎవరైనా? రేపో మాపో లేచే బిడ్డలు. మా అమ్మ పలకలేదు, వాళ్లమ్మ పలకలేదు. ఒకసారి పక్కింటి జాంబేటా మొగుడు తాగి వీధిలో పలికాడు. గుడ్డుకి గుడ్డు మాడిపోయాయి. మర్చిపోయావా?"

"అవి తెగులుకి పోయాయి అత్తా."

"తెగులు ఎక్కణ్ణుంచి వచ్చింది? పిలిస్తేనేగా వచ్చింది."

ఆవిడ కొన్న ధర నాకూ తెలియదు. కాగితం ఉందా అని అడిగితే ప్రూసాలోనే చింపేశానంది. నేను అంచనా కట్టి చెప్తానంటే క్లెయాంతిస్ తల అడ్డంగా ఊపాడు. తెచ్చినవాళ్ల నోటితోనే రావాలట. నిన్న అబద్ధం విన్న సర్కారుకి ఇప్పుడు నిజం కావాలి. నిజం చెప్పగలిగిన ఒక్క మనిషీ నోరు విప్పనంటుంది. నేను బేరాలు ఎన్నో చూశాను కాని, రెండువైపులా ఇవ్వడానికి సిద్ధంగా ఉండి కూడా తెగని బేరం ఇదే.

"మామ్మగారూ," అన్నాడు క్లెయాంతిస్ మెల్లిగా, "నా చెవిలో చెప్పండి. నేను కాగితం మీద రాస్తాను. పైకి చదవను."

"నీ చెవి ఎక్కడుంది, అవి ఎక్కడున్నాయి? జానెడు దూరం. వాటికి వినబడదూ?"

అతను నవ్వలేదు. అందుకే ఆ కుర్రవాడంటే నాకు అప్పుడు ఇష్టం కలిగింది. "అయితే వాటిని బయటికి పంపిద్దాం," అన్నాడు. "వినబడనంత దూరం."

"ఎవరి ఒంటి మీద పంపుతావు?"

ఇద్దరూ నావైపు తిరిగారు.

నా పొట్ట గురించి, నా ఛాతీమీద వెంట్రుకల గురించి అత్త అన్న మాటలు ఇక్కడ రాయను. రెండు నిమిషాల్లో నా చొక్కా విప్పించింది. క్లెయాంతిస్ మెడలోంచి సంచి తీసి, నడుమ గాలి తగలకుండా తన పైటశాలువా అడ్డం పట్టి, నా మెడలో వేసింది. ముడి సరిచేస్తూ సంచి మూతి కొద్దిగా తెరిచి చూసింది. నిన్న బూడిదరంగులో ఉన్న గుడ్లు తెల్లబారాయి. ఆవిడ మొహంలో రంగు కూడా మారింది. "పురుగులు లేవడానికి ఎంతో సేపు లేదు," అంది ఊపిరితో. మూతి వదులుగా కట్టింది. "మెల్లిగా నడువు. గట్టిగా ఆలోచించకు. నువ్వు లెక్కలు వేస్తే నీ గుండె దడదడలాడుతుంది, నాకు తెలుసు."

"గొలుసు మాత్రం దాటకండి," అన్నాడు క్లెయాంతిస్. "కాగితం పూర్తయ్యేదాకా అవి సర్కారువే."

బయటికొచ్చి గట్టు మీద నిలబడ్డాను. తలుపు మూసుకుంది.

నాకు పిల్లలు లేరు. నా భార్య బతికున్నప్పుడు ఆ లెక్క ఒకసారి వేసుకుని, మళ్లీ తియ్యకుండా మూసేశాను. ఇప్పుడు ఛాతీమీద గుప్పెడంత వెచ్చదనం ఆనుకుని ఉంది. అది నా వేడో, ఆ కుర్రవాడి దగ్గర మిగిలిన వేడో, దానికి ముందున్న అత్త వేడో తెలియలేదు. ఎవరిది ఎంత అని విడగొట్టలేని సరుకు నా చేతికి రావడం అదే మొదలు. అత్త చెప్పినట్టే లెక్కలు ఆపాను. ఊపిరి దానంతటదే పొదుపుగా వచ్చింది.

అప్పుడు ఉత్తరగాలి లేచింది.

గట్టు మీద దానికి అడ్డమేమీ లేదు. చొక్కాలోకి చల్లగా దూరింది. కోటు దగ్గరికి లాక్కున్నాను, చాలలేదు. చేతులు రెండూ అడ్డం పెట్టాను, వేళ్లు మంచులా ఉన్నాయి. కచేరీ గోడ మూల తిరిగితే అవతల ఎండ. గాలి రాని, వెచ్చటి గోడ. నడుమ గొలుసు.

తలుపువైపు చూశాను. తెరుచుకోలేదు. ధర చెప్పడానికి ఇంతసేపా? బహుశా ఏడుస్తోందేమో. బహుశా కుర్రవాడు ఏడుస్తున్నాడేమో.

గాలి మళ్లీ కొట్టింది. కాలు ఎత్తి గొలుసు దాటాను.

గోడకి వీపు ఆనించి ఎండకి ఛాతీ పెట్టాను. హాయిగా కళ్లు మూతలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే స్టీమరు కూత వేసింది, దీవంతా వినబడేలా. లోపల సంతకం పడిందా? కూతకి ముందు పడితే నా మెడలో ఉన్నది మా అత్త సొత్తు. ఆ తర్వాత అయితే సర్కారు సొత్తు, నేను దొంగని, నన్ను నమ్మి దాన్ని నా మెడలో వేయనిచ్చిన కుర్రవాడి ఉద్యోగం సముద్రంలో కలిసినట్టే. వెనక్కి గొలుసు దాటాలని కదిలాను.

"ఎవరది, ఆగండి."

స్టీమరు కూత వెయ్యకముందే దింపిన చిన్నపడవ గట్టుకు తగిలింది. నల్లకోటు, తోలుసంచి, బంగారు కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి దిగుతున్నాడు. వెనక ఇద్దరు పోలీసులు. ఆయన టోపీ మీద సీరా తనిఖీ అధికారుల గుర్తు. కచేరీలను చెప్పకుండా వచ్చి చూసుకునేవాళ్లు. ఈ స్టీమరులో దిగుతాడని ఎవరూ అనుకోలేదు.

"గొలుసు లోపలినుంచి వచ్చారు మీరు. దూరాన్నించి చూశాను. మీ పేరు?"

"జాన్నీస్ వాల్మాస్. వ్యాపారిని."

"ఆ పేరు విన్నాను," అన్నాడు. మంచి గొంతుతో అనలేదు. "కోటు కింద చేతులెందుకు?"

"చలి."

"ఈ ఎండలోనా?"

లోపలికి వెళ్లే తలుపు ఆయన వెనక ఉంది, ఇంకా మూసే ఉంది. నేను నవ్వడానికి ప్రయత్నించాను. ఆ నవ్వులోనే, కంఠం కింద, చొక్కా అంచు దగ్గర, వెంట్రుకంత సన్నగా ఒక గిలిగింత పుట్టింది. ఆగింది. మళ్లీ పైకి కదిలింది.

తనిఖీ అధికారి కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు.

"వాల్మాస్ గారూ," అన్నాడు, "మీ మెడ మీద ఏదో నడుస్తోంది."